ట్రిపుల్ వన్ ఊళ్లో మా పొలం

మా ఊరి పేరు చెబితే హైదరాబాదులో చాలామందికి తెలియదు. మొయినాబాద్ దాటి కొంత లోపలికి వెళ్లాలని వివరించినా పెద్దగా ఆసక్తి చూపరు. అదే 'ట్రిపుల్ వన్ జీవో ఊరు' అని ఒక్కమాట అంటే చాలు, ఎదుటివారు కుర్చీ ముందుకు జరుపుకుని 'మీకు ఎన్ని ఎకరాలుంది?' అని అడుగుతారు. గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలను కాపాడటానికి వాటి చుట్టూ ఉన్న ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన ప్రభుత్వ ఉత్తర్వు నంబరు అది. నా చిన్నతనంలో మా ఊరికి ఈ నంబరు లేదు. పొలాల్లో ఇళ్లు కట్టవచ్చా, కట్టకూడదా అన్న తగువు కూడా లేదు, ఎందుకంటే పొలంలో ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. కావలికి మంచె వేసేవారు, పశువులకు కొట్టం వేసేవారు, బావి దగ్గర మోటారుకు చిన్న గది కట్టేవారు. ఇల్లు మాత్రం ఊళ్లో, నలుగురి మధ్యన ఉండవలసిందే. ఆ తరువాత ఒక తరం పాటు మా ఊరు ఆ తగువుతోనే పండుగలు చేసుకుంది, పంచాయతీ ఎన్నికలు జరుపుకుంది, అన్నదమ్ముల పంపకాలు తెంచుకుంది. ఆ తగువులో నేను విన్న మాటలను, వాటి వెనుక ఉన్న మనుషులను గుర్తున్నంతవరకు రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది నాలుగెకరాల కుటుంబం. కుంట కింద అరెకరం తరి (మాగాణి), మిగిలినదంతా ఎర్ర చెలక (మెట్ట). మా తాత కాలంలో ఆ చెలకలో జొన్న, కంది, పెసర తప్ప మరొకటి వేసి ఎరుగరు. బావిలోకి కరెంటు మోటారు దిగిన తరువాత మా నాయన పూలకు మళ్లాడు. చామంతి, గులాబి, కాకడమల్లె వేసేవాడు. పూల సాగు చూసేవారికి అందంగానే ఉంటుంది కానీ చేసేవారికి అది నిద్ర లేని పని. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ తోటలో ఉండేవాళ్లం. కోసిన పూలను గంపల్లో పోసి, తడిగుడ్డ కప్పి, మొదటి బస్సు పైకి ఎక్కించాలి. ఎండ పడితే పువ్వు వాడుతుంది, పువ్వు వాడితే జాంబాగ్ మార్కెట్లో దళారి ధర తెగ్గోస్తాడు. అందువల్ల మా ఇంట్లో గడియారం కంటే బస్సు హారన్ ఎక్కువ పెత్తనం చేసేది. పూల మార్కెట్టు తరువాత గుడిమల్కాపూర్‌కు మారింది. 1999లో రైతుబజార్లు మొదలైనాక మా అమ్మ కూడా టమాట, వంకాయ, కొత్తిమీర గంపలతో మెహిదీపట్నం వెళ్లివచ్చేది. పొద్దున్నే సరుకు దించి సాయంత్రానికి డబ్బుతో ఇల్లు చేరగలిగినంత దగ్గరలో నగరం ఉండటం మా అదృష్టమని ఆ రోజుల్లో అందరూ అనుకునేవారు.

మా వాగు నీరు ఎటు పోతుందో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది మూసీలో కలిసి గండిపేట చెరువుకు చేరుతుంది. ఉస్మాన్ సాగర్ అన్న పేరు మేము బడి పుస్తకంలో చదువుకున్నాం, ఇంట్లో మాత్రం అది ఎప్పుడూ గండిపేటే. మా తాతకు 1908 నాటి వరద గురించి ఆయన తండ్రి చెప్పిన సంగతులు చాలా గుర్తుండేవి. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తి వేలాది ప్రాణాలు తీసిన తరువాత, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడగడం, నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను నిలువరించాలని ఆయన చెప్పడం, దాని ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ నది మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తికావడం అందరికీ తెలిసిన చరిత్రే. అయితే ఆ జలాశయాల మొదటి పని వరదను ఆపడమనీ, మంచినీళ్లివ్వడం రెండో పని అనీ తరువాతి కాలంలో జరిగిన చర్చల్లో చాలామంది మరచిపోయారు. గండిపేట నీరు పంపులతో పని లేకుండా వాలును బట్టి దానంతట అదే ప్రవహించి ఆసిఫ్‌నగర్‌లోని నీటి శుద్ధి కేంద్రానికి చేరుతుందని మా పంతులు చెప్పినప్పుడు, మా చెలక మీద పడిన వాన ముక్కూమొహం తెలియనివారి కుండల్లోకి వెళుతోందని నాకెంతో గర్వంగా అనిపించింది. ఇంటికి వచ్చి ఆ సంగతి మా తాతకు చెప్పాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, 'మన వాన వాళ్లు తాగుతరు, సరే. ఒక్కనాడన్న మన దిక్కు తొంగి చూసిండ్రా?' అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ముసలివాళ్ల సణుగుడులాగే వినిపించింది.

1996 మార్చి 8న ప్రభుత్వం జారీ చేసిన 111వ నంబరు జీవో గురించి మా ఊళ్లో ఎవరూ చాటింపు వేయించలేదు. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. కాలుష్యం కలిగించే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దన్నారు. కొత్తగా వేసే లేఅవుట్లలో 60 శాతం స్థలాన్ని రోడ్లకూ ఖాళీ జాగాకూ వదలాలన్నారు. కట్టే గదుల విస్తీర్ణం అన్ని అంతస్తులూ కలిపి స్థలంలో సగానికి మించకూడదన్నారు. మొత్తం ప్రాంతంలో 90 శాతాన్ని వ్యవసాయం వంటి అవసరాలకే ఉంచాలన్నారు. ఆ కాగితంలో రాసినదానిని నేను ఆనాడూ తప్పుపట్టలేదు, ఈనాడూ పట్టను. 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా, ఒక నూనె పరిశ్రమకు ఆ పరిధిలో మినహాయింపు ఇవ్వడం చెల్లదని తేల్చి, తాగునీటి వనరుల విషయంలో చెడిపోయాక చూసుకోవడం కంటే ముందుజాగ్రత్త పడటమే సరైన పద్ధతి అన్న వాదాన్ని గట్టిగా నిలబెట్టింది. కానీ ఆ కాగితం రాసేముందుగానీ, రాసిన తరువాతగానీ మా ఊళ్లో గ్రామసభ పెట్టి 'మీ భూములను ఇలా ఉంచమంటున్నాం, మీరేమంటారు?' అని అడిగినవారు లేరు. ఒక రైతు కోళ్ల షెడ్డు వేసుకోవడానికి అప్పు కోసం బ్యాంకుకు వెళితే, మీ ఊరు ఫలానా జీవో కింద ఉందని అక్కడ చెప్పారు. ఆయన ఇంటికి వచ్చి చావడి దగ్గర కూర్చుని ఆ నంబరు చెప్పినప్పుడు మాకు మొదటిసారి తెలిసింది. అది కూడా నవ్వులాటగానే గడిచిపోయింది. మూడు ఒకట్లు శుభమేనని ఎవరో అన్నారు.

కొన్నేళ్లపాటు ఆ నంబరుతో ఎవరికీ పని పడలేదు. నిజానికి జీవో భూమి అమ్మకూడదని ఎక్కడా చెప్పలేదు, దాని మీద కట్టకూడదనే చెప్పింది. కానీ ఎకరం ధర పంటను బట్టి కాక, దాని మీద లేవగల ఇళ్లను బట్టి పలకడం మొదలైన రోజున ఆ రెండింటికీ తేడా లేకుండా పోయింది. గచ్చిబౌలి వైపు అద్దాల భవనాలు లేచాయి, 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం తెరుచుకుంది, అవుటర్ రింగు రోడ్డు మా పొలాలకు తూర్పున ఎత్తుగా సాగిపోయింది. అప్పటివరకు ఎకరాల్లో మాట్లాడుకున్న భూమిని గుంటల్లోనూ గజాల్లోనూ చెప్పుకోసాగారు. గుంటకు నూట ఇరవై ఒక్క గజాలని మా ఊళ్లో అక్షరం రాని ముసలమ్మ కూడా ఠక్కున చెప్పగలిగేది.

ఇళ్లు కట్టకూడదన్న చోట ముందుగా వచ్చినవి ఇళ్లు కాదు, గోడలు. వాగు ఒడ్డున అయిదారెకరాలు కొన్న నగరవాసి ఒకాయన చుట్టూ నిలువెత్తు ప్రహరీ కట్టించి, గేటుకు నల్లరాతి స్తంభాలు నిలబెట్టి, లోపల పచ్చిక వేయించాడు. దానిని చూడటానికి ఊరు ఊరంతా వెళ్లింది. మా మేనత్త ఆ పచ్చిక మీద తిరుగుతున్న నీటి చిమ్ముడు యంత్రాన్ని చాలాసేపు చూసి, 'పశువు మేయని గడ్డికి ఇన్ని నీళ్లా?' అని అడిగింది. పనివాడి దగ్గర జవాబు లేదు. ఆ గోడ వల్ల పశువుల బాట ఒకటి మూసుకుపోయింది, వాన నీరు వాగులోకి దిగే కాలువ ఒకటి పూడిపోయింది. ఆ తోటలో వేసిన బోరు మా బావి కంటే ఎన్నో రెట్లు లోతుకు వెళ్లింది. రెండు ఎండాకాలాలు గడిచేసరికి మా బావి అడుగున రాయి కనిపించింది. జలాశయం కోసం పెట్టిన నిబంధన కింద జలాశయానికి వెళ్లే నీరే ఇలా తగ్గిపోవడం మా కళ్ల ముందే జరిగింది. ఫామ్‌హౌసుల తరువాత ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. అదే కాలంలో మా పెదనాయన కొడుకు పొలం గట్టున రెండు గదులు లేపితే, పునాది ఆరకముందే నోటీసు వచ్చింది. ఆయన ఆ నోటీసు చేతిలో పట్టుకుని, రోడ్డుకు అవతల పెళ్లి దీపాలతో వెలుగుతున్న ఫంక్షన్ హాలు వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఆ పూటనే జీవో మా ఊళ్లో ఓడిపోయిందని నా నమ్మకం. ప్రభుత్వం దానిని ఎత్తివేయడం చాలా ఏళ్ల తరువాతి సంగతి.

తెలంగాణ వచ్చిన తరువాత ఒక్కొక్క గ్రామపంచాయతీ జీవోను ఎత్తివేయాలని తీర్మానాలు చేయసాగింది. మా ఊరి వంతు వచ్చినప్పుడు పంచాయతీ కార్యాలయం ముందు షామియానా వేశారు. నేను నగరంలో ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్లాను. అంతకుముందు వారమే నగరం నుంచి కొందరు పర్యావరణవేత్తలు వచ్చి, పరీవాహక ప్రాంతమంటే ఏమిటో, కాంక్రీటు పరచిన నేల నీటిని ఎందుకు ఇంకించుకోలేదో పటాలు చూపించి ఓపికగా చెప్పి వెళ్లారు. వారు చెప్పిన ప్రతి మాటా నిజమే. అందరూ మర్యాదగా విన్నారు, చాయ్ తాగించి సాగనంపారు. వారి కారు మలుపు తిరగగానే ఒకాయన, 'సారు ఇల్లు ఎక్కడ?' అని అడిగాడు. నగరంలో ఎత్తయిన ఒక ప్రాంతం పేరు ఇంకొకాయన చెప్పాడు. 'అది కూడా ఒకప్పుడు ఎవరిదో చెలకనే కదా' అన్నాడు మొదటాయన. ఆ మాటలో న్యాయం ఉందో లేదో కానీ, దానికి దీటైన జవాబు మాత్రం వారు చూపించిన ఏ పటంలోనూ లేదు.

గ్రామసభలో ముందుగా మాట్లాడినవాడు భూముల అమ్మకాల్లో మధ్యవర్తిత్వం చేసే యువకుడు. అతని మాటల్లో ఆవేశం ఎక్కువ, కానీ లెక్కలు తప్పు కాదు. కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఒక ఎకరం అమ్ముకోవాల్సి వచ్చిన రైతుకు జీవో హద్దుకు ఇవతల ఉన్నందుకు వచ్చే ధరనూ, అవతల ఉన్నవాడికి వచ్చే ధరనూ పక్కపక్కన పెట్టి చూపించాడు. వాన ఇద్దరి పొలాల మీదా ఒకే తీరుగా పడుతుంది, పన్ను ఒకే తీరుగా కట్టాము, మరి నష్టం మాకే ఎందుకని అడిగాడు. అప్పటికింకా నగర శివారులోని కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటలేదు. అది 2023 ఆగస్టు వేలంలో జరిగింది. దాటి ఉంటే ఆ రోజు సభ ఇంకెంత వేడెక్కేదో ఊహించుకోవచ్చు.

అతనికి ఎదురు మాట్లాడినది మా ఊళ్లో అందరికంటే పెద్ద పూలతోట ఉన్న పెద్దాయన. భూమి అమ్ముకున్న పొరుగూరి వాళ్లు ఎలా ఉన్నారో ఒకసారి వెళ్లి చూడమన్నాడు. చేతికి వచ్చిన సొమ్ముతో దూరాన, వికారాబాద్ అవతల, రెట్టింపు భూమి కొనుక్కుని బాగుపడినవారూ ఉన్నారనీ, కార్లూ మేడలూ కొని మూడేళ్లలో చేతులు ఖాళీ చేసుకున్నవారు అంతకంటే ఎక్కువమంది ఉన్నారనీ చెప్పాడు. ఆయన భయపెట్టడానికి చెప్పలేదు. పేర్లు పెట్టి, ఇంటి గుర్తులు పెట్టి చెప్పాడు. యువకులు తల వంచుకున్నారు కానీ మనసు మార్చుకోలేదు.

ఆ సభలో నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది మహిళా సంఘం అధ్యక్షురాలి మాట. ఆమె జలాశయం గురించి, ధర గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. 'మీరంత పట్నంవాళ్లు కట్టే ఇండ్ల గురించి కొట్లాడుతున్నరు. మన ఇండ్ల సంగతి ఎవరు మాట్లాడుతరు? నా ఇంట్ల ముగ్గురు కోడండ్లు, ఒకటే వంటిల్లు. ఆబాదిల జాగ లేదు. చెల్కల కట్టుకుందామంటే నోటీసు వస్తది. నా చిన్నకొడుకు కిరాయికి మొయినాబాద్‌ల ఉంటున్నడు. సొంత ఊళ్లె జాగ ఉండంగ కిరాయి కడుతున్నం' అంది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. పల్లెలో కొత్త ఇళ్లు అనగానే బయటివారి విల్లాలే అందరి కళ్లకూ కడుతున్నాయి. ఊరు కూడా పెరుగుతుందనీ, ఊరికి కూడా ఇళ్లు కావాలనీ జీవో రాసినవారూ తలచలేదు, ఎత్తివేయాలన్నవారూ తలచలేదు, కాపాడాలన్నవారూ తలచలేదు. ఆమె ఆబాది అన్నది గ్రామకంఠాన్ని, అంటే ఊళ్లో ఇళ్లకు కేటాయించిన స్థలాన్ని. దాని హద్దు మా తాతల నాడు ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే ఉంది, అందులో ఉండవలసిన కుటుంబాలు మాత్రం మూడింతలు అయ్యాయి.

ఆమె తరువాత లావణి పట్టా ఉన్న ఒక రైతు లేచాడు. ప్రభుత్వం పంచిన భూమిని అమ్మడానికి వీలు లేదని 1977 నాటి చట్టం చెబుతోంది కనుక, జీవో ఉన్నా పోయినా తన ఎకరానికి ధర రాదని ఆయనకు తెలుసు. 'పటేండ్లు అమ్ముకుంటె మాకు కూలి పోతది, అంతే తేడా' అని చెప్పి కూర్చున్నాడు. ఆయన మాటను తీర్మానంలో ఎక్కడ చేర్చాలో కార్యదర్శికి తోచలేదు. చేర్చలేదు కూడా.

ఆ రోజు షామియానా కింద కూర్చున్నవారిని చూస్తూ నేను మనసులో ఒక లెక్క వేసుకున్నాను. జీవోను ఎత్తివేస్తే అందరికంటే ఎక్కువ లాభపడే మనుషులు ఆ సభలో లేనే లేరు. ఊరి చుట్టూ ఉన్న మంచి భూమిలో చాలా భాగం అప్పటికే చేతులు మారిపోయింది. చావడి దగ్గర గొంతు చించుకుని వాదించుకుంటున్నవారిలో చాలామందికి మిగిలింది ఎకరం, రెండెకరాలు. అసలు యజమానులు నగరంలో తీరిగ్గా కూర్చుని, ఆంక్షలున్నప్పుడు చవకగా కొన్న భూమికి అవి పోయే రోజు కోసం ఎదురుచూస్తున్నారు. ఈ మాట నేను సభలో లేచి అన్నాను. 'అది నిజమే, అయితే మిగిలిన ఎకరం కూడా చవకగానే అమ్ముకోమంటావా?' అని మధ్యవర్తి యువకుడు అడిగాడు. నా దగ్గర సమాధానం ఉండింది కానీ అది అతనికి పనికివచ్చే సమాధానం కాదు.

చేతులెత్తమన్నప్పుడు పూలతోట పెద్దాయనతో కలిసి అయిదారుగురు తప్ప అందరూ తీర్మానానికి అనుకూలంగానే ఎత్తారు. మా నాయన కూడా ఎత్తాడు. నేను నిర్ఘాంతపోయాను. బతికున్నంతకాలం గుంట భూమి అమ్మనని ఊరందరికీ చెప్పిన మనిషి, మధ్యవర్తులు వస్తే బావి దగ్గరే నిలబెట్టి నీళ్లిచ్చి పంపించేసే మనిషి ఆయన. ఇంటికి వెళ్లే దారిలో ఎందుకలా చేశావని అడిగాను. ఆయన కొంతదూరం మాట్లాడకుండా నడిచి, 'నేనైతే అమ్మను. కానీ కట్టొద్దు, అమ్మితే గింతకే అమ్మాలె అని ఇంకొకడు నాకు చెప్పొద్దు. నా ఇష్టంతోటి ఉంచుకున్న పొలం నాది. వాళ్ల నంబరుతోటి మిగిలిన పొలం నాదెట్లయితది?' అన్నాడు. అంతవరకు ఈ తగువును నేను పచ్చని పొలాలకూ కాంక్రీటుకూ మధ్య జరిగే తగువుగానే చూశాను. నాయనకు అది వేరే తగువు.

నగరం తన నీటి కోసం, వరద భయం లేకుండా పడుకోవడం కోసం 84 ఊళ్లను పల్లెలుగానే ఉండమంది. ఉండటానికి ఏమైనా ఇచ్చిందా అంటే, నాకు తెలిసి ఏమీ ఇవ్వలేదు. పొలాన్ని పొలంగా ఉంచినందుకు ఎకరానికి ఇంత అని ఏటా నీటి బిల్లులోంచి ఒక చిన్న వాటా పంపి ఉంటే, మా నాయన ఆ రోజు చెయ్యి ఎత్తేవాడు కాదని నేను అనుకుంటాను. సొమ్ము కోసం కాదు, లెక్కలో తానూ ఉన్నానన్న తృప్తి కోసం. 2018 మేలో రైతుబంధు మొదలై ఎకరానికి పంటకు నాలుగు వేల చొప్పున వచ్చినప్పుడు ఊళ్లో సంతోషించారు, నిజమే. కానీ అది రాష్ట్రమంతటా పట్టాదారులందరికీ ఒకే తీరుగా వచ్చిన సహాయం. ఆంక్షలున్న ఊరికీ లేని ఊరికీ అందులో తేడా లేదు. పైగా పట్టా ఎవరి పేరున ఉంటే వారికే కనుక, పశువు మేయని గడ్డి పెంచుకున్న ఆసామికి కూడా అందింది. మా మేనత్త బతికుంటే దాని మీద కూడా ఒక మాట అనేది.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. మరునాడు మూసీ ఒడ్డున నడుము లోతు నీళ్లలో నడుస్తున్న మనుషులను టీవీలో చూస్తూ మా నాయన, 'చెరువులు నిండితేనే ఇట్లుంటే, చెరువులు లేకుంటే ఎట్లుండు?' అన్నాడు. జీవోకు వ్యతిరేకంగా చెయ్యి ఎత్తిన మనిషే ఆ మాట అన్నాడు. ఆయనకు అందులో వైరుధ్యమేమీ కనిపించలేదు. ఆ మరుసటి ఏడాది ఆయన పోయాడు.

అందువల్ల 2022 మార్చిలో ముఖ్యమంత్రి శాసనసభలో చేసిన ప్రకటనను గానీ, ఏప్రిల్ 12న వచ్చిన 69వ నంబరు జీవోను గానీ ఆయన చూడలేదు. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి, తాగునీటిలో ఈ రెండు జలాశయాల వాటా ఇప్పుడు చాలా స్వల్పం, కనుక పాత ఆంక్షలు అవసరం లేదన్నది ప్రభుత్వ వాదన. తాగునీటి వరకు ఆ వాదనకు బలం ఉంది. కానీ వరదకు కృష్ణా, గోదావరి ప్రత్యామ్నాయం కావు. మా చెలకల మీద పడిన వాన నేలలోకి ఇంకడానికి చోటు లేక అదే వాగులోంచి అదే నగరం మీదికి వెళుతుంది. ఈ సంగతి చెప్పడానికి ఆ సాయంత్రం మా ఊళ్లో ఎవరికీ తీరిక లేదు. పటాకులు కాల్చారు, మిఠాయిలు పంచారు, నాకు కూడా ఫోనులో శుభాకాంక్షలు చెప్పారు. తెల్లవారేసరికి చేవెళ్ల రోడ్డు పొడవునా మర్రిచెట్ల మధ్య కొత్త హోర్డింగులు లేచాయి. ఆ రోడ్డు మర్రిచెట్లను కూడా వెడల్పు కోసం కొట్టేయాలా వద్దా అన్నది ఇంకొక తగువు, దాని కథ వేరే రాయాలి.

2023 మేలో మంత్రివర్గం జీవోను పూర్తిగా రద్దు చేస్తున్నట్లు ప్రకటించింది. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి గండిపేట అంచున కొన్ని కట్టడాలను కూల్చింది. అప్పటినుంచి జలాశయం ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దురాళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి కొన్నవారు కూడా పరుగులు పెడుతున్నారు. ఒక ఆదేశం పోయినంత మాత్రాన దాని స్థానంలో మరొకటి రాలేదు. ఎక్కడ ఇళ్లు రావచ్చు, ఎక్కడ వాగుకు దారి వదలాలి, ఊరికి ఎంత జాగా ఉంచాలి అని చెప్పే పటం ఏదీ మా పంచాయతీ గోడ మీద నేను చూడలేదు. ఆంక్షల కాలంలో కనీసం కొట్లాడటానికి ఒక కాగితం ఉండేది.

పూలతోట పెద్దాయన పిల్లలు ఆ తోటను కిందటేడు అమ్మారు. పెద్దాయన దానికి అడ్డు చెప్పలేదని విన్నాను. మా నాలుగెకరాల్లో రెండింటిని ఇప్పటికీ మా తమ్ముడు సాగు చేస్తున్నాడు. గులాబి మానేశాడు, చామంతి మాత్రం వేస్తున్నాడు. అతనికి ఇద్దరు కొడుకులు, ఊళ్లో ఇల్లు చాలదు. చెలక మూలన, వాగుకు దూరంగా, తనకొక ఇల్లు కట్టుకోవాలని చూస్తున్నాడు. అనుమతి కోసం పంచాయతీకి వెళితే కొత్త ప్లాన్ వచ్చేదాకా ఆగమన్నారట. పక్కన ఉన్న భూమిలో గజాల లెక్కన రాళ్లు పాతడం మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. గ్రామకంఠం హద్దును పెంచి, ఊరి కుటుంబాలకు ముందుగా ఇళ్ల స్థలాలు చూపించాలని కోరుతూ మహిళా సంఘం వాళ్లు ఒక అర్జీ తయారుచేశారు. తెలుగు బాగా రాస్తానని దానిని దిద్దే పని నాకు అప్పగించారు. వచ్చే గ్రామసభలో దానిని చదువుతారు. లావణి పట్టా రైతు మాటను ఈసారి అందులో రెండో పేరాలో చేర్చాను.